కడగని కోడి

చర్చి భోజనాల హాల్లో బల్లలు తుడిచేస్తున్నారు. మాకరోనీ పళ్ళేన్ని అడుగంటా గీకేశారు. ఆకుకూర కుండలో చుక్క రసం కూడా మిగలలేదు. పీచ్ పళ్ళతో చేసిన తీపి వంటకం కాబ్లర్‌లో ఆఖరి చెంచా కోసం చర్చి పనులు చూసే ఇద్దరు డీకన్లు "మీరు తీసుకోండి, మీరు తీసుకోండి" అంటూనే చెరోవైపు నుంచి గిన్నె లాక్కుంటున్నారు. షవాండా వేయించి తెచ్చిన కోడి రెక్కల ట్రే ఒక్కటే పెట్టినచోట పెట్టినట్టుంది. పైన కప్పిన ఫాయిల్‌ను ఎవరో ఒక మూల లేపి చూసి, మళ్ళీ జాగ్రత్తగా మూశారు.

"ఎక్కువ చేసినట్టున్నావమ్మా," అంది సిస్టర్ క్లాడీన్, ఖాళీ గిన్నెలు పట్టుకుని వెళ్తూ ఆగి.

"అందరికీ సరిపడానే చేశానండీ."

"అదే, అదే మిగిలినట్టుంది," అని నవ్వి క్లాడీన్ వెళ్ళిపోయింది.

టెర్రెల్‌ను పెళ్ళాడి ఏటవతలి ఊరి నుంచి ఈ చర్చికి వచ్చాక షవాండాను ఒక వంటకం తెమ్మని అడగడం అదే మొదటిసారి. తెల్లారకముందే లేచి వేయించింది. ఇప్పుడా ట్రేని ఎత్తుకుని, అందరి కళ్ళ ముందు నుంచీ నడిచి కారు దాకా వెళ్ళాల్సి వచ్చింది. తల దించుకోలేదు. దించుకోకుండా నడవడానికి ఎంత బలం కావాలో ఆ నడిచినంతసేపూ తెలిసింది.

కారులో అత్తగారు ఎర్లీన్ పక్క సీట్లో కూర్చుంది. వెనక సీట్లో ట్రే మలుపు తిరిగినప్పుడల్లా బరువుగా జరుగుతోంది.

"ఎండకి జనాలకి ఆకలి చచ్చిపోయినట్టుంది," అంది ఎర్లీన్.

"ఆకలి చచ్చినోళ్ళు మాకరోనీ గిన్నె నాకుతారా అత్తయ్యా?"

ఎర్లీన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. దాని అంచు సర్దింది. సర్దిన అంచునే మళ్ళీ సర్దింది. "నువ్వు కోడిని కడగవని అందరికీ తెలిసిపోయింది పిల్లా. అదీ సంగతి."

జార్జియాలో ఆ మూల తాగి వచ్చినవాణ్ణి క్షమిస్తారు. పెళ్ళాన్ని వదిలేసి పోయి, పశ్చాత్తాపపడి తిరిగొచ్చినవాణ్ణి ముందు వరసలో కూర్చోబెడతారు. కోడిని వెనిగరూ నిమ్మకాయా ఉప్పూ వేసి నాలుగు నీళ్ళు పోసి కడగకుండా మూకుట్లో వేసే ఆడదానికి మాత్రం రక్షణ లేదు.

షవాండా కడగదు. హైవే పక్కన కోడి శాండ్‌విచ్‌ల దుకాణంలో, పిండి బల్ల దగ్గర ఆమె పని. అక్కడ చేరిన రోజే నేర్పిన మొదటి పాఠం అది. కడిగితే మురికి పోదు, నీళ్ళతో పాటు చిమ్మి సింకంతా, పక్కనున్న ఉల్లిపాయల నిండా పాకుతుంది. క్రిముల్ని చంపేది నిప్పే. ఆ మాట ఆమెకు సబబుగా తోచింది. సబబుగా తోచినదాన్ని ఎవరి మొహమో చూసి మార్చుకునే రకం కాదు షవాండా.

"ఎవరు చెప్పారు వాళ్ళకి?"

ఎర్లీన్ కిటికీలోంచి పత్తి చేలవైపు చూసింది. "ఊరన్నాక ఎవరో ఒకళ్ళు చెప్తారు."

ఆ సాయంత్రం షవాండా ఆ రెక్కలే తిన్నది, ఒకటి తర్వాత ఒకటి, బొమికలు కూడా వదలకుండా. బల్లకవతల ఎర్లీన్ గుడ్డూ రొట్టే తిన్నది. "నీ మీద కోపం కాదే. నా కడుపు ఒప్పుకోదు," అంది. షవాండా ఇంకో రెక్క అందుకుంది.

*

బుధవారం బైబిలు పాఠం అయ్యాక మదర్ ఓజెల్లా అందర్నీ కూర్చోమంది. పై ఆదివారం పాస్టరుగారి వార్షికోత్సవం. ఎవరు ఏం వండాలో చెప్పేది ఓజెల్లాయే. ఆవిడ చర్చి పెద్దమ్మలందరికీ పెద్ద. వంటగది తాళాలు ఎవరి దగ్గరున్నా ఆవిడ మాటే అసలు తాళం. ఆవిడ ఫాయిల్ ఎత్తి చూసి తల ఊపని వంటకం బల్ల ఎక్కదు.

"ఎర్లీన్, నీ ఆకుకూర నువ్వు తే. క్లాడీన్, బంగాళాదుంపల సలాడ్ నీది. మొన్నట్లా అందులో ఎండుద్రాక్షలు కనపడ్డాయంటే బయటికి పంపేస్తా. సలాడ్‌ని కాదు, నిన్ను."

అందరూ నవ్వారు. క్లాడీన్ అందరికంటే గట్టిగా నవ్వింది.

"షవాండా. నువ్వు ఐసు తే తల్లీ. కాగితం పళ్ళేలు కూడా."

నవ్వు ఆగిపోయింది. ఐసూ కాగితం పళ్ళేలూ పెళ్ళికాని మగవాళ్ళకు చెప్పే పని.

"నేను కోడి చేద్దామనుకున్నానండీ మదర్."

"చేసుకుందువుగాని, మీ ఇంట్లో. నేనేం తప్పుపట్టట్లేదు. ఏటవతలవాళ్ళ అలవాట్లు వేరు. ఎట్లా పెంచితే అట్లా వస్తారు పిల్లలు." ఓజెల్లా గొంతులో కోపం లేదు. జాలి ఉంది. ఆ జాలే షవాండాకు చెంపదెబ్బలా తగిలింది.

"సరే మదర్," అని బయటికి వచ్చేసింది. కారు పక్కన నిలబడి టెర్రెల్‌కు ఫోన్ చేసింది. అతను టెన్నెసీలో ఎక్కడో లారీలో ఉన్నాడు.

"అబ్బా, కడిగానని చెప్పెయ్యవే," అన్నాడు అంతా విని. "పోయేదేముంది? నీళ్ళేగా."

"నీళ్ళ సంగతి కాదు టెర్రెల్. వాళ్ళు కోడి మురికిగా ఉందనట్లేదు. నేను మురికిదాన్నంటున్నారు. మా అమ్మని కూడా కలిపి అంటున్నారు. ఇప్పుడు నేను కడిగానని చెప్తే, ఇన్నాళ్ళూ మురికిగా ఉన్నాను, ఇవాళే స్నానం చేసొచ్చాను అని ఒప్పుకున్నట్టు కాదూ?"

"మరేం చేస్తావు?"

"ఇంకా తెలీదు. ఐసు మాత్రం తెచ్చి ఊరుకోను."

"వాళ్ళు ముసలాళ్ళే..."

"ముసలాళ్ళైతే నాకేం? నువ్వు రోడ్డు చూసి నడుపు," అని పెట్టేసింది.

*

శుక్రవారం మధ్యాహ్నం దుకాణంలో ఊపిరి సలపని రద్దీ. షవాండా ఎడం చెయ్యి పొడి పిండిలో, కుడి చెయ్యి మజ్జిగలో. ముక్కని మజ్జిగలోంచి తీసి పిండిలో వేసి, మీద పిండి కప్పి, అరచేతి మడమతో గట్టిగా అదుముతుంది. అలా అదిమితేనే పైన గరుకుగా పొరలు లేస్తాయి. వేగాక కరకరలాడేవి ఆ పొరలే. తలెత్తి ఆర్డర్లు కనపడే తెర చూస్తుంది, చేతులు ఆగవు.

తెర మీద ఆ ఆర్డరు వచ్చింది. స్పైసీ ఒకటి, ఊరబెట్టిన దోసకాయ చక్రాలు రెట్టింపు, పైన తేనె, నాలుగు ముక్కలుగా కోసి. శుక్రవారం శుక్రవారం వచ్చే ఆర్డరే. ఎవరో ఆమెకు తెలియదు. కట్టుడు పళ్ళున్న పెద్దవాళ్ళెవరో అయ్యుంటారనుకునేది. మిగతావాళ్ళు కోస్తే బన్ను నలిగిపోతుందని, దాన్ని మాత్రం తనే కోస్తుంది.

కోసి, డబ్బాలో సర్ది, కార్లలో వచ్చేవాళ్ళకు అందించే కిటికీ దగ్గర తేనె ప్యాకెట్లు అయిపోయాయంటే అవి కూడా తీసుకుని వెళ్ళింది. కిటికీ పిల్ల జోలీ డబ్బా అందుకుంది. బయట మీగడ రంగు పాత కారు. కారులో ఊదారంగు టోపీ. టోపీ కింద మదర్ ఓజెల్లా.

షవాండా గోడ వెనక్కి జరిగింది.

ఓజెల్లా డబ్బా మూత తీసి, చూసి, అక్కడే ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. "ఆ లోపల చేసేవాళ్ళెవరోగానీ, ఆ చేతుల్ని దేవుడు చల్లగా చూడాలమ్మా," అంది జోలీతో.

కారు కదిలాక జోలీ వెనక్కి తిరిగింది. "మీ చర్చి ఆవిడే కదా? నీకు ఐసు తెమ్మన్న మహాతల్లి? అయ్యో, ముందే తెలిస్తే ఆ ముక్కకి నాలుగింతలు కారం పట్టించేవాళ్ళం కదే! పిలవనా? నువ్వే చేశావని చెప్పనా? మొహం చూడాలి ఆవిడది!"

షవాండాకు నవ్వొచ్చింది. వెంటనే ఒళ్ళు మండింది. వారం వారం తన చేతి కూడు తిని దీవిస్తూ, ఆ చేతులు కనపడగానే కడుక్కోమనే మనిషి.

"వద్దు," అంది. "కిటికీలోంచి కాదు. బల్ల దగ్గరే చెప్తాను."

పని దిగగానే అంగడికి వెళ్ళి కోడి రొమ్ము ముక్కలు, బన్నులు, మజ్జిగ, పెద్ద సీసాలో పులుపునీళ్ళలో ఊరిన దోసకాయ చక్రాలు తెచ్చింది. వేయించిన రెక్కలైతే ఎవరైనా తెస్తారు. ఈసారి తెచ్చేది దుకాణంలో తను చేసే శాండ్‌విచ్చే అని తేల్చుకుంది. ముక్కల్ని పలచగా పరిచి, ఇనప పెనం అడుగుతో అన్నిచోట్లా ఒకే మందం వచ్చేదాకా కొట్టింది. ఆ సీసాలోని పులుపునీళ్ళూ మజ్జిగా ఎర్ర కారమూ వెల్లుల్లి పొడీ కలిపి ముక్కలు ముంచి ఫ్రిజ్‌లో పెట్టింది. ఎర్లీన్ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఆ కొట్టుడు వింటోంది.

"కోడి ఎప్పుడో చచ్చిందే పిల్లా," అంది లోపలికి వినపడేలా. "ఇంకెంతకని కొడతావు?"

"కోడిని కాదులెండి నేను కొట్టేది!"

*

శనివారం పొద్దున నీళ్ళ చప్పుడుకు షవాండాకు మెలకువ వచ్చింది. వంటింట్లోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. సింకు దగ్గర ఎర్లీన్, పైటలాంటి పెద్ద ఏప్రన్ కట్టుకుని, కుళాయి కింద రొమ్ము ముక్క పట్టుకుని రుద్దుతోంది. పక్కన వెనిగర్ సీసా. పిండేసిన నిమ్మ చెక్కలు. రాత్రంతా ఊరిన మసాలా మజ్జిగ సింకు తూములోకి ఎర్రగా పోతోంది.

"అత్తయ్యా!"

ఎర్లీన్ ఉలిక్కిపడింది గానీ ముక్క వదల్లేదు. "అరవకు. నువ్వు కడగలేదు. నేను కడిగాను. రేపు ఎవరైనా అడిగితే 'కడిగిన కోడే' అని చెప్పొచ్చు. అబద్ధమూ కాదు, పాపమూ కాదు."

"మీరు కడిగారని నేను చెప్పుకోవాలా?"

"ఏం, చెప్తే నోరు అరుగుతుందా? ఒక్క మాటే పిల్లా! అంతమంది ముందు నువ్వా ట్రే మోసుకుని కారు దాకా నడుస్తుంటే నా గుండె ఎంత కోసుకుపోయిందో నీకు తెలుసా?"

"అంత కోసుకుపోతే ఆ రోజు ఒక్క రెక్క మీరెందుకు తినలేదు?"

కుళాయి ధారగా పోతూనే ఉంది. ఎర్లీన్ ముక్కని సింకులో వదిలి, తడి చేతులతోనే కుర్చీలో కూలబడింది.

"క్లాడీన్‌తో అన్నది నేనే," అంది. "జుట్టు చేయించుకుంటూ కూర్చున్నాం. ఆవిడ తన కోడలి మీద ఏదో చెప్పింది. నేనూ ఏదో ఒకటి చెప్పాలి కదాని... మా పిల్ల కోడిని కడగదు తెలుసా అన్నాను. నవ్వుకోడానికే అన్నానే. నీ మీద ఇలా ముద్ర వేసేస్తారనుకోలేదు."

షవాండా వెళ్ళి కుళాయి కట్టింది. ముసలావిడ వేళ్ళ చివర్లు నిమ్మ పులుపుకి తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఎప్పుడు లేచి మొదలుపెట్టిందో, దాదాపు అన్ని ముక్కలూ కడిగేసింది. ఇంత పని తన మీద కోపంతో చేసింది కాదని షవాండాకు తెలుసు. అయినా మనసు మెత్తబడితే మళ్ళీ మొదటికే వస్తుందని కూడా తెలుసు.

"సరే. ఇవి ఇవాళ మనిద్దరం తిందాం. రేపటికి వేరే తెస్తాను," అంది.

"ఇన్ని పెట్టుకుని మళ్ళీనా?"

"వాటిని కడిగారంటే ఈసారి మిమ్మల్ని పట్టుకొచ్చి ఆ సింకులో కడుగుతాను."

ఎర్లీన్‌కు నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మధ్యాహ్నం షవాండా ఆ కడిగిన ముక్కల్నే మూకుట్లో వేసింది. మొదటి వాయి మాడింది. పైన నల్లగా, లోపల పచ్చిగా. దుకాణంలో యంత్రం కూతపెడితే తీయడమే గానీ నూనెను కనిపెట్టి ఉండే అలవాటు ఆమెకు పోయింది.

"నూనె అరుస్తోంది. వినపడట్లా? మంట తగ్గించు," అంది ఎర్లీన్ కుర్చీలోంచి. "ఇప్పుడు గొణుగుతోందే, ఆ గొణుగుడు మీదే వెయ్యాలి."

రెండో వాయి బంగారు రంగులో వచ్చింది. షవాండా వేడి నూనెలో ఎర్ర కారం కలిపి కుంచెతో రాసి, వెన్నలో కాల్చిన బన్ను మధ్య పెట్టి, దోసకాయ చక్రాలు పరిచి అత్తగారి ముందు పెట్టింది. ఎర్లీన్ తిని, వేళ్ళు చప్పరించింది. "చూశావా, కడిగితే ఎంత బాగుందో!"

"ఊరిన రుచంతా మీరు తూములో పోశారు. రేపటిది చూడండి, అప్పుడు మాట్లాడండి."

"రేపటిది నేనెందుకు తింటాను?" అంది ఎర్లీన్.

*

ఆదివారం ఆరాధన ముగిసి జనం హాల్లోకి వచ్చేసరికి వంటకాలన్నీ బల్ల తలవైపు బారులు తీరి ఉన్నాయి. మదర్ ఓజెల్లా తెల్ల దుస్తుల్లో కూర్చుని ఒక్కో ఫాయిల్ ఎత్తి చూస్తోంది. షవాండా ఐసు పెట్టె తెచ్చి పెట్టింది. కాగితం పళ్ళేలు పెట్టింది. మళ్ళీ కారు దగ్గరికి వెళ్ళి పెద్ద ట్రే ఎత్తుకొచ్చింది. ఆవిరికి మెత్తబడతాయని దాని మీద ఏమీ కప్పలేదు. ఎర్రగా నిగనిగలాడే ముక్కలు బన్నుల్లోంచి బయటికి వచ్చి ఉన్నాయి. ఆ వాసనకు డీకన్లు మాట మధ్యలో ఆగిపోయారు.

"నీకు చెప్పింది ఐసు కదా తల్లీ," అంది ఓజెల్లా.

"ఐసూ తెచ్చానండీ. ఇదీ తెచ్చాను."

ఓజెల్లా ట్రేని చూసింది. గొంతు తగ్గించాలని ఆవిడకు తోచలేదు. "కడిగావా?"

హాలు సద్దుమణిగింది. పక్కన నిలబడ్డ ఎర్లీన్ కోడలి మోచేతిని గట్టిగా పట్టుకుంది. ఒక్క మాట. ఆ ఒక్క మాట చెప్తే అయిపోతుంది.

"లేదండీ మదర్. కడగలేదు. కడగను కూడా," అంది షవాండా. "ఏటవతల కడగరని మీరన్నారు. కడుగుతారు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ వెనిగర్ పోసి మీకంటే ఎక్కువే కడిగింది. కడగనిది నేను. ఇది నా నిర్ణయం, మా అమ్మ పెంపకం కాదు. ఆవిణ్ణి ఇందులోకి లాగకండి. లోపలిదాకా ఉడికేలా శుభ్రంగా చేశాను. తినేవాళ్ళు తినండి. తిననివాళ్ళని బతిమాలను."

ఎవరో "ప్రభువా" అన్నారు.

షవాండా ట్రే మూల నుంచి చిన్న డబ్బా తీసి ఓజెల్లా ముందు పెట్టి మూత తెరిచింది. అందులో ఒక శాండ్‌విచ్, నాలుగు ముక్కలుగా కోసి, దోసకాయ చక్రాలు రెట్టింపు, పైన తేనె. వంగి, ఆవిడకు మాత్రమే వినపడేలా అంది: "శుక్రవారాలు కిటికీకి అవతల మీరుంటారు, ఇవతల నేనుంటాను. ఇవే చేతులు మదర్. అక్కడా కడగరు."

ఓజెల్లా డబ్బాలోకి చూసింది. నాలుగు ముక్కలూ ఎక్కడా నలగకుండా నీటుగా కోసినవి. ఆవిడ చెయ్యి టోపీ దగ్గరికి వెళ్ళి, అక్కర్లేకపోయినా దాన్ని సర్దింది. షవాండా చేతుల వంక చూసింది, చాలాసేపు.

"బల్ల చివర పెట్టు," అంది చివరికి.

"మధ్యలో పెడతానండీ," అని షవాండా మాకరోనీ పళ్ళేన్ని పక్కకు జరిపి, తన ట్రేకి చోటు చేసుకుంది.

ప్రార్థన అయింది. పాస్టరుగారికి పళ్ళెం వడ్డించేదాకా ఎవరూ ఏదీ ముట్టకూడదు. క్లాడీన్ ఆ పళ్ళెం పట్టుకుని వడ్డిస్తూ వచ్చింది. ఆకుకూర వేసింది, సలాడ్ వేసింది. ట్రే దగ్గరికి వచ్చి, దాన్ని దాటి వెళ్ళింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు అది చూశారు. షవాండా కూడా చూసింది. పోయిన ఆదివారమే మళ్ళీ మొదలైంది.

అప్పుడు ఎర్లీన్ వరస దాటి ముందుకు వచ్చింది. పాస్టరుగారి పళ్ళెం ఇంకా గాల్లోనే ఉంది. ఎర్లీన్ ట్రేలోంచి ఒక శాండ్‌విచ్ తీసి, నిలబడే, రెండు చేతులతో పట్టుకుని కొరికింది. కరకరమన్న చప్పుడు హాలంతా వినపడింది. కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నమిలింది. మింగింది. మళ్ళీ కొరికింది.

"ఎర్లీన్! పాస్టరుగారు ఇంకా..." అంది క్లాడీన్. "అసలు నువ్వా? అది కడగని కోడి!"

"నీకు చెప్పింది నేనేగా క్లాడీన్, నాకు తెలీదా?" అంది ఎర్లీన్ నోటినిండా పెట్టుకుని. "నా కోడలి చేతివంట తింటున్నాను. నువ్వు తింటే తిను, లేకపోతే అడ్డం తప్పుకో. వెనక జనం ఉన్నారు."

వెనక నిజంగానే జనం ఉన్నారు. ముందు ఒక డీకను చెయ్యి చాపాడు. తర్వాత పాస్టరుగారే లేచి వచ్చి, తన పళ్ళెం క్లాడీన్ చేతిలోంచి తీసుకుని, ఒకటి పెట్టుకున్నారు. అందరూ తినలేదు. పెద్దమ్మల్లో సగంమంది ట్రే వైపు చూడనుకూడా లేదు. క్లాడీన్ ఆ రోజంతా తన సలాడే తిన్నది. షవాండాకు వాళ్ళ మీద కోపం రాలేదు. తినడం మానడం వాళ్ళిష్టం. ఆ ట్రే మాత్రం బల్ల మధ్యలోనే ఉంది.

ఓజెల్లా తన ముందున్న డబ్బాను ముట్టుకోలేదు. ఆకుకూర తిన్నది, రొట్టె తిన్నది, వచ్చినవాళ్ళతో మాట్లాడింది. బల్లలు తుడిచే వేళకు అటూ ఇటూ చూసి, ఫాయిల్ చించి డబ్బా చుట్టూ చుట్టి, చేతిసంచీలో పెట్టుకుంది. ఆ చర్చిలో ఒకరి వంటను ఇంటికి కట్టుకెళ్ళడం అంటే ఆ చేతికి ఇచ్చే పెద్ద మెప్పు. ఎవరూ చూడలేదనుకుంది కాబోలు. హాలంతా చూసింది.

ఆవిడ సంచీ భుజాన తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళేదాకా ఆగి, షవాండా అందరికీ వినపడేలా పిలిచింది.

"మదర్! తేనె ఒలుకుతుంది. సంచీ నిటారుగా పట్టుకోండి."